స్లీవ్ ఆపరేషన్: ఉత్తరాల సంచిలోంచి

రెండు నెలల కిందట ఈ పేజీలో గాల్‌బ్లాడర్ రాళ్ల గురించి రాస్తూ, బరువు తగ్గడానికి జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేసే స్లీవ్ లాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో కూడా ఇవి వస్తుంటాయని ఒక్క వాక్యం రాశాను. రాళ్ల మీద నాలుగు ఉత్తరాలొచ్చాయి. ఆ ఒక్క వాక్యం మీద అరవై దాకా వచ్చాయి. సగం ఉత్తరాల్లో ‘నా పేరు వేయొద్దు’ అన్న మాట కింద రెండేసి గీతలు. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్లు ఎక్స్‌రేలు తెచ్చి మరీ చూపిస్తారు. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం చుట్టాలకు హెర్నియా అని చెప్పుకుంటారు. సరే, ఎవరి పేరూ వేయడం లేదు. ఊళ్లు కూడా అటూ ఇటూ మార్చాను.

గుంటూరులో పద్దెనిమిదేళ్లుగా ఈ ఆపరేషన్లు చేస్తున్నదాన్ని. దీని మీద నాకు కొంత మమకారం ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 104 కిలోలు. షుగర్ మొదలైంది, మెట్లెక్కితే మోకాళ్లు పట్టేస్తున్నాయి. డైటింగులు ఎన్ని చేశానో లెక్కలేదు. తగ్గిన ప్రతిసారీ ఇంకో రెండు కిలోలు కలుపుకుని తిరిగొచ్చింది. డాక్టరుగారు స్లీవ్ చేయించుకోమన్నారు. మా ఆడపడుచేమో ‘నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావా’ అంది. అసలు లోపల ఏం తీసేస్తారు? మళ్లీ పెరుగుతుందా? — భీమవరం

జవాబు: ఆడపడుచు సంగతి తర్వాత చూద్దాం. ముందు లోపలి సంగతి.

జీర్ణాశయం ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకున్న సంచి. పెళ్లి భోజనం పడితే లీటరు పైనే సాగుతుంది. ఎడమవైపు పైన సొరకాయ బుర్రలా ఉబ్బి ఉండే భాగం ఉంది చూశారూ, ఎక్కువ సాగేది అదే. మీకు మత్తిచ్చాక నోట్లోంచి వేలిలావు గొట్టం ఒకటి జీర్ణాశయంలోకి దించుతారు. దాన్ని ఆనవాలుగా పెట్టుకుని, కుడివైపు సన్నటి గొట్టంలా వదిలేసి, మిగతాదంతా స్టేప్లరుతో పొడవునా కోసేస్తాం. ఆ స్టేప్లరు ఒక్క నొక్కుతో మధ్యలో కోస్తుంది, రెండు అంచులకూ వరసగా టైటానియం పిన్నులు కొడుతుంది. ఒక ఆపరేషన్‌కు ఐదారు కాట్రిడ్జిలు పడతాయి. బిల్లు చూసి ఉలిక్కిపడినప్పుడు అందులో పెద్ద వాటా వీటిదేనని గుర్తుంచుకోండి. నూటికి 75 నుంచి 80 పాళ్ల జీర్ణాశయం బయటికొచ్చేస్తుంది. పొట్ట మీద నాలుగైదు చిన్న గాట్లుంటాయి, అందులో కాస్త పెద్దదానిలోంచి లాగేస్తాం. ట్రేలో పెట్టి బయట కూర్చున్నవాళ్లకు చూపిస్తాం. ‘ఇంతేనా డాక్టరుగారూ!’ అంటారందరూ. గాలి పోయిన బెలూన్ అంతకన్నా గొప్పగా ఏం కనిపిస్తుంది?

మిగిలేది అరటిపండు ఆకారంలో, 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే గొట్టం. నా గదిలో బల్ల మీద చిన్న స్టీలు కాఫీ గ్లాసొకటి పెట్టుకున్నాను. వచ్చినవాళ్ల చేతికిచ్చి, ఇక మీద మీ కడుపు ఇదీ అంటాను. కొందరు నవ్వుతారు. కొందరు గ్లాసు వెనక్కిచ్చి, ఆలోచించుకుని వస్తామంటారు. వాళ్ల మీద నాకు గౌరవం.

కోసి తీసింది మళ్లీ మొలవదు, తెచ్చి అతికించలేం. ఇది వెనక్కి తిప్పుకునే ఆపరేషన్ కాదు. మిగిలిన గొట్టం మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ కొంత సాగుతుంది.

కడుపు చిన్నదవడం ఒక్కటే అయితే ఈ ఆపరేషన్‌కు ఇంత పేరొచ్చేది కాదు. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు ఘ్రెలిన్ అనే హార్మోన్‌ను కనుక్కున్నారు. మెదడుకు ఆకలి కబురు మోసేది అది. ఎక్కువగా తయారయ్యేది మనం తీసేసే ఆ సొరకాయ బుర్రలోనే. అది పోయాక చాలామందికి మొదటి నెలల్లో ఆకలే ఉండదు. పైగా తిన్నది తొందరగా పేగులోకి జారడంతో ‘ఇక చాలు’ అనే హార్మోన్లు పెరుగుతాయి. ఇంకో ముచ్చట: ఇది మొదట ఒక పెద్ద ఆపరేషన్‌లో సగం మాత్రమే. మరీ బరువున్నవాళ్లు అంతసేపు మత్తు తట్టుకోలేరని 2000 ప్రాంతంలో న్యూయార్క్‌లో మిషెల్ గాన్యే అనే సర్జన్, ఆయన బృందం దాన్ని రెండు విడతలుగా చేయడం మొదలుపెట్టారు. మొదటి విడతకే బరువు బాగా తగ్గి, కొందరికి రెండో విడత అక్కర్లేకపోయింది. ఆ మొదటి విడతే ఇప్పటి స్లీవ్.

ఇక ఆడపడుచు. ఆవిణ్ని ఒక్కసారి ఊపిరి బిగబట్టమనండి. ఎంత పట్టుదల ఉన్నా కాసేపటికి శరీరం తనకు కావలసిన గాలి తాను లాక్కుంటుంది. బరువూ అలాంటిదే. పది కిలోలు తగ్గగానే ఆకలి హార్మోన్లు పెరుగుతాయి, ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. మీ డైటింగులన్నీ అక్కడే ఓడిపోయాయి. మీ బీఎంఐ, అంటే ఎత్తుతో పోల్చి బరువును కొలిచే అంకె, దాదాపు 43. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో చెప్పిన ప్రకారం 35 దాటితే వేరే జబ్బు లేకపోయినా ఆపరేషన్ ఆలోచించవచ్చు. మన ఆసియావాళ్లకు ఆ గీత ఇంకా కిందే ఉంది. కాబట్టి మీ డాక్టరుగారు అన్నది సబబే.

ఎంత తగ్గుతారని కూడా రాయాలి. ఏడాది, ఏడాదిన్నరలో మొత్తం బరువులో సుమారు పాతిక శాతం. మీ లెక్కన 78 కిలోల చుట్టుపక్కల. కాలేజీ రోజుల నాటి 55 గోడమీద రాసుకుని థియేటర్‌లోకి రాకండి.

ప్రశ్న: వయసు 46, ఎత్తు 170, బరువు 118. షుగర్ పదకొండేళ్లుగా ఉంది, మూడేళ్లుగా ఇన్సులిన్. రాత్రిళ్లు పుల్లటి నీళ్లు గొంతులోకొచ్చి లేచి కూర్చుంటాను. పదేళ్లుగా పరగడుపున గ్యాస్ బిళ్ల తప్పదు. ఒక ఆసుపత్రిలో స్లీవ్ అన్నారు, ఇంకో ఆసుపత్రిలో బైపాస్ అన్నారు. ఎవరిని నమ్మాలి? — నిజామాబాద్

జవాబు: రెండుచోట్లా నోట్లోంచి కెమెరా గొట్టం దించి చూసే ఎండోస్కోపీ చేశారా? మీ ఉత్తరం నాలుగు పేజీలుంది, ఆ మాట ఎక్కడా లేదు. షుగర్ గురించి మూడు పేజీలు రాశారుగానీ, ఏ ఆపరేషన్ అన్నది తేల్చాల్సింది చివరి పేజీలోని ఆ పుల్లటి నీళ్లు.

స్లీవ్ తర్వాత మిగిలేది అంత సులువుగా సాగని సన్నటి గొట్టం. కింద పైలోరస్ అనే కండరపు తలుపు ఎప్పటిలాగే బిగిసి ఉంటుంది. మధ్యలో ఒత్తిడి పెరిగి ఆమ్లం పైకి తన్నుతుంది. ముందే ఆ బాధ ఉన్నవాళ్లకు ముదరవచ్చు, లేనివాళ్లకు కొత్తగా రావచ్చు. ఫిన్లాండ్‌లో 240 మందిని తీసుకుని కొందరికి స్లీవ్, కొందరికి బైపాస్ చేసి, పదేళ్ల తర్వాత ఎండోస్కోపీతో చూశారు. స్లీవ్ అయినవాళ్లలో నూటికి 31 మందికి అన్నవాహిక ఒరిసిపోయి ఉంది. బైపాస్ వాళ్లలో ఏడుగురికి. 2022లో ఆ ఫలితాలు అచ్చయినప్పటి నుంచి, గుండెల్లో మంట బాగా ఉన్నవాళ్లకు స్లీవ్ చేయడానికి నా చెయ్యి రావడం లేదు. 

బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన్ని చిన్న సంచిలా విడదీసి నేరుగా పేగుకు కలుపుతాం. మంట తగ్గుతుంది, షుగర్ మీద పట్టు కూడా కాస్త ఎక్కువే. దానికీ లోటుపాట్లున్నాయి: ఐరన్, కాల్షియం, బీ12 కొరత ఎక్కువ, సిగరెట్ తాగినా, నొప్పి బిళ్లలు మింగినా అతుకు దగ్గర పుండు పడుతుంది. 

షుగర్ ‘పూర్తిగా పోతుంది’ అని ఎవరైనా మీకు మాటిచ్చి ఉంటే ఆ మాట పక్కన పెట్టండి. జబ్బు కొత్తదైతే, బిళ్లలతో నడుస్తుంటే ఆ ఆశ ఎక్కువ. పదకొండేళ్ల షుగర్, పైగా ఇన్సులిన్. మందులు బాగా తగ్గుతాయని మాత్రం ధైర్యంగా చెప్పగలను. ఆ తగ్గించడం మర్చిపోతే అదో ప్రమాదం. ఆపరేషన్ అయిన వారానికే పాత డోసు ఇన్సులిన్ వేసుకుని, షుగర్ 48కి పడిపోయి బాత్రూమ్‌లో కూలిన పెద్దాయన ఒకరు మాకున్నారు. తినేది కాఫీ గ్లాసెడు, వేసుకున్నది పెళ్లి భోజనానికి సరిపడా. బీపీ బిళ్లలకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయికి 22. ఎత్తు 160, బరువు 70. మూడు సంబంధాలు బరువు మాట మీదే తప్పిపోయాయి. షుగర్, థైరాయిడ్ ఏమీ లేవు. మాఘమాసం ముహూర్తాలలోపు ఆపరేషన్ చేయించేస్తే… — ఒక తల్లి, ఖమ్మం

జవాబు: వద్దమ్మా. మీ పిల్ల ఒంట్లో ఏ జబ్బూ లేదు. బీఎంఐ 27 దాటింది, మన లెక్కల్లో అది బరువు ఎక్కువే, తగ్గాలి. కానీ 22 ఏళ్ల పిల్ల ఇంకో యాభై ఏళ్లు బతకాల్సిన జీర్ణాశయంలో ముప్పాతిక భాగం పెళ్లివారి కోసం కోయను. సంబంధం తప్పించుకున్నవాళ్ల జాతకం మాత్రం బాగుందనుకోను.

ప్రశ్న: మా అక్కకు స్లీవ్ అయి ఐదు వారాలైంది. మూడు వారాలుగా ఏది తిన్నా, తాగినా వాంతి. ఊళ్లో ఆర్‌ఎంపీ రోజూ గ్లూకోజు సీసా ఎక్కిస్తున్నాడు. నాలుగు రోజుల నుంచి నడుస్తుంటే తూలుతోంది, ఒకటే రెండుగా కనిపిస్తోందంటోంది. నీరసం వల్లేనా? — శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఈ ఉత్తరం అందిన సాయంత్రమే పత్రికవాళ్ల దగ్గర మీ నంబరు తీసుకుని మాట్లాడాను. మీ అక్క అదే రాత్రి విశాఖ వెళ్లింది. ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తోందని మీరే చెప్పారు. మిగతావాళ్ల కోసం ఇక్కడ అచ్చు వేయమన్నాను.

ఇది నీరసం కాదు. విటమిన్ బీ1, అంటే థయమిన్ నిండుకోవడం. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో లోపలికి పోయేది లేదు, పైనుంచి గ్లూకోజు ఎక్కిస్తే దాన్ని అరిగించడానికి ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోతుంది. కాళ్లు తిమ్మిరెక్కడం, తూలడం, కంటిగుడ్లు అదరడం, మతిమరుపు వరసగా వస్తాయి. ఆలస్యమైతే మెదడుకు తగిలిన దెబ్బ శాశ్వతంగా ఉండిపోతుంది. పాలిష్ పట్టిన బియ్యం తినే మన సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేదని వైద్య విద్యార్థులం చదువుకున్నాం. ఆ జబ్బూ ఈ బీ1 కొరతే. చరిత్ర పాఠం అనుకుని మూసేసిన పేజీ ఇలా మళ్లీ తెరుచుకుంటుందని నేను అనుకోలేదు.

నేను దీన్ని ఎందుకింత గట్టిగా రాస్తున్నానో కూడా చెప్పాలి. ఈ పనిలో నాకు నాలుగో ఏడు. ఒక రైతు, నలభై దాటినవాడు. ఆపరేషన్ చక్కగా అయింది. మూడోవారం రావలసినవాడు రాలేదు. పొలం పనులై ఉంటాయిలే అనుకున్నాను, ఫోను చేయించలేదు. ఆరో వారం మంచం మీద తీసుకొచ్చారు. ఊళ్లో పదిహేను రోజులు వరసగా గ్లూకోజు పెట్టించుకున్నాడు. బతికాడు. ఇప్పటికీ చేతికర్ర లేకుండా నడవలేడు. సంక్రాంతికి అరిసెలు పంపిస్తాడు, తను తినలేని అరిసెలు. ఆ ఏడాది నుంచి మా దగ్గర రావలసిన రోజున రానివాళ్లకు మర్నాడు ఉదయం పదింటికల్లా ఫోను వెళుతుంది.

కాబట్టి: స్లీవ్ అయినవాళ్లకు రెండు మూడు రోజులు వరసగా వాంతులైతే సర్జన్ దగ్గరికే వెళ్లండి. గొట్టం మధ్యలో ఇరుకైపోయి ఉండవచ్చు, దాన్ని ఎండోస్కోపీలో బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఎక్కడ సీసా పెట్టినా గ్లూకోజుకు ముందు బీ1 ఇంజక్షన్ పడాలి. డిశ్చార్జి కాగితం మీద ఈ మాట తెలుగులో రాయించుకుని, మీ ఊరి ఆర్‌ఎంపీకి మీరే చూపించండి. 

మొదటి రోజుల్లో భయపడవలసింది వేరే ఉంది: లీకు. పిన్నుల వరసలో, ఎక్కువగా పైకొసన, అన్నవాహిక కలిసేచోట సందు పడి లోపలిది పొట్టలోకి కారుతుంది. నూటికి ఒకరికి అటూ ఇటూగా జరుగుతుంది. చాలావరకు మొదటి కొద్ది వారాల్లోనే. కడుపునొప్పి, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, అన్నిటికన్నా ముందు గుండె దడ. కూర్చున్నవాళ్ల నాడి నిమిషానికి 120 దాటి దిగడం లేదంటే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి. అర్ధరాత్రయినా బయల్దేరండి. రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తుల్లో అడ్డుపడటం మరో ప్రమాదం. ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్సులు లేపి వరండాలో నడిపిస్తుంటే తిట్టుకోవద్దని చెప్పేది అందుకే. ప్రాణం పోయే అవకాశం అనుభవమున్న చోట వెయ్యికి ఒకటి, అంతకు తక్కువే. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌తో పోల్చదగినంత. అయినా సున్నా కాదు.

ప్రశ్న: నా బీఎంఐ 36. మోకాళ్ల నొప్పులు, గురక. ఇన్సూరెన్స్ కంపెనీ కుదరదంది. న్యాయమేనా? — ఒక బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: న్యాయం సంగతి తెలియదుగానీ పాలసీ కాగితం వాళ్ల వైపే ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2019లో పెట్టిన, పాలసీల్లో కనిపించే షరతుల ప్రకారం 18 ఏళ్లు నిండాలి, బీఎంఐ 40 ఉండాలి. లేదా 35 ఉండి, బరువు తగ్గే ఇతర మార్గాలు ఫలించక, ఈ నాలుగింటిలో ఒకటి ఉండాలి: బరువు వల్ల వచ్చిన గుండె కండరపు జబ్బు, గుండె రక్తనాళాల జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), మందులకు లొంగని టైప్-2 షుగర్. మోకాళ్లు ఆ జాబితాలో లేవు. మీ గురక ఉండవచ్చు. ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించుకోండి. ఊపిరి ఎన్నిసార్లు ఆగుతోందో అంకెల్లో వస్తుంది. తీవ్రమైనదని తేలితే ఆ రిపోర్టుతో మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు. ఇన్సూరెన్స్ రాకపోయినా ఆ పరీక్ష మాత్రం మానకండి. అలాంటి గురకను కనిపెట్టకుండా మత్తివ్వడం మా మత్తు డాక్టరుగారికి పీడకల. 40, 35 అన్నవి 1991లో అమెరికాలో గీసిన గీతలు. వైద్యం వాటిని దాటింది, పాలసీ కాగితం దాటలేదు.

ప్రశ్న: ఇప్పుడు వారానికో ఇంజక్షన్‌తో బరువు తగ్గిపోతున్నారట కదా. ఇంకా కోతలెందుకు? — హైదరాబాద్

జవాబు: నిజమే. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. మంచి మందులు. పరీక్షల్లో పూర్తి డోసు మీద ఏడాది పైగా వాడినవాళ్లు సగటున 15 నుంచి 20 శాతం బరువు తగ్గారు. పదేళ్ల కిందట ఈ మాట ఎవరైనా అంటే నమ్మేదాన్ని కాదు. బీఎంఐ ముప్పైలలో ఉండి, మందు భరించగలిగి, నెలనెలా కొనగలిగినవాళ్లకు ముందు అదే చెబుతున్నాను.

చిక్కల్లా మానేసినప్పుడు. వెగోవీలో ఉన్న సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్లను ఏడాది గమనిస్తే, తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చింది. బీపీ బిళ్లలాగా దీర్ఘకాలం వాడే మందు అనుకుంటే పేచీ లేదు. మూడు నెలల కోర్సు అనుకుంటేనే పేచీ. బీఎంఐ 45, 50 ఉన్నవాళ్లకు ఇంజక్షన్ ఒక్కటే సరిపోవడం కష్టం. ఆపరేషన్ అయ్యాక బరువు మళ్లీ పెరిగినవాళ్లకు ఈ మందు బాగా అక్కరకొస్తోంది కూడా. ఒక జాగ్రత్త: ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఈ ఇంజక్షన్ వాడుతున్నామని మత్తు డాక్టరుకు చెప్పి తీరాలి. తిన్నది కడుపులోంచి ఆలస్యంగా దిగుతుంది, మత్తులో వాంతై ఊపిరితిత్తుల్లోకి పోగలదు.

ప్రశ్న: పెళ్లై ఆరేళ్లు. పీసీఓడీ. ఐదు నెలల కిందట స్లీవ్ అయి 23 కిలోలు తగ్గాను. పదేళ్లలో మొదటిసారి నెలనెలా సరిగ్గా వస్తోంది. ఇంట్లో ‘ఇప్పుడే మంచి సమయం’ అంటున్నారు. దువ్వితే జుట్టు గుప్పెళ్లు గుప్పెళ్లుగా వస్తోంది, అది కూడా భయంగా ఉంది. — తణుకు

జవాబు: జుట్టు తిరిగొస్తుంది. ఒళ్లు ఇంత తొందరగా తగ్గితే మూడో నెలకూ ఆరో నెలకూ మధ్య రాలడం మామూలే. ప్రొటీను, ఐరన్ సరిగ్గా అందితే ఏడాదిలోపు సర్దుకుంటుంది. నూనెలు కొనకండి, గుడ్లు కొనండి. 

పిల్లల విషయంలో మాత్రం ఇంట్లోవాళ్లను ఆపండి. బరువు దిగుతున్నన్నాళ్లు మీ ఒంటికే పోషణ చాలడం లేదు. ఆపరేషన్ అయిన 12 నుంచి 18 నెలల దాకా ఆగాలి. ‘ఆరేళ్లు రానిది ఇప్పుడేం వస్తుందిలే’ అనుకుని జాగ్రత్త తీసుకోకపోవడమే అసలు తప్పు. బరువు తగ్గగానే అండం విడుదల సర్దుకుంటుంది, మా దగ్గర అలా అనుకోకుండా నెల తప్పినవాళ్లు చాలామంది. అలా జరిగినా కంగారుపడి తీయించుకోనక్కర్లేదు. ఫోలిక్ యాసిడ్, ఐరన్, బీ12 చూసుకుంటూ, స్కాన్లు దగ్గర దగ్గరగా చేయించుకుంటే బిడ్డలు బాగానే పుడుతున్నారు. గర్భంలో షుగర్ కోసం గ్లూకోజు నీళ్లు తాగించే పరీక్ష ఉంటుంది. స్లీవ్ అయినవాళ్లకు దాంతో చెమటలు పట్టి కళ్లు తిరగవచ్చు. హెర్నియా అని మీ గైనకాలజిస్టుకు కూడా చెప్పి ఉంటే, ఆవిడకైనా నిజం చెప్పండి.

ప్రశ్న: 2018లో చేయించుకున్నాను. 132 నుంచి 90కి వచ్చాను. ఇప్పుడు 103. ఆపరేషన్ చేసిన డాక్టరుకు మొహం చూపించలేక ఆరేళ్లుగా వెళ్లలేదు. — నెల్లూరు

జవాబు: మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఈ ఉత్తరమే. మొదటి ఏడు అందరూ స్వీటు డబ్బాతో వస్తారు. బరువు పెరగడం మొదలవగానే మాయమవుతారు. మేం అవసరమయ్యేది అప్పుడే కదా!

132 నుంచి 103 అంటే ఇప్పటికీ 29 కిలోలు తక్కువ. రెండో మూడో ఏడు దాటాక కొంత తిరిగి రావడం చాలామందిలో ఉంది. ఘ్రెలిన్ పోయినా ఒళ్లు వేరే దారులు వెతుక్కుంటుంది. ముందు రక్తపరీక్షలు: బీ12, ఐరన్, డీ, కాల్షియం. ఆరేళ్లుగా విటమిన్ బిళ్లలు కూడా మానేసి ఉంటారు, అవునా? అవి జీవితాంతం. తర్వాత ఎండోస్కోపీ, గొట్టం సాగిందేమో చూడటానికి. ఆ తర్వాత ఇంజక్షనో, బైపాస్‌గా మార్చడమో, ఉన్నదాంతోనే సర్దుకోవడమో.

తినేవాటిలో కడుపు నిండా పట్టేవాటికన్నా జారిపోయేవాటిని అనుమానించండి. కోడికూర అయితే నాలుగు ముక్కలకే కడుపు ఆపేస్తుంది. చెరకురసం, కూల్‌డ్రింక్, ఐస్‌క్రీమ్ ఆ గొట్టంలో నిలవవు, ఎంత పోసినా దిగిపోతాయి. మిక్చరు నములుతూ టీవీ ముందు గంట కూర్చుంటే అదీ అంతే. ఇంకో ప్రశ్న మీరు అడగలేదు, నేనడుగుతాను: సాయంత్రం పెగ్గులు ఎన్ని? ఈ ఆపరేషన్ తర్వాత మందు తొందరగా రక్తంలోకెక్కుతుంది, రెండుకే నాలుగంత మత్తు. తిండితో తీరే బెంగ అటు తిరిగినవాళ్లను చూశాను. సిగ్గుపడకుండా వెళ్లండి. మీ సర్జన్ మొహం తిప్పుకుంటే గుంటూరు రండి.

ప్రశ్న: డబ్బు కట్టేముందు డాక్టరును ఏమడగాలి? — రాజమండ్రి

జవాబు: ఇప్పటిదాకా ఎన్ని చేశారు, ఎన్ని లీకయ్యాయి అని అడగండి. ‘ఒక్కటీ లేదు’ అంటే చేసినవి తక్కువని అర్థం. రాత్రి రెండింటికి వాంతులైతే ఫోనెత్తేది ఎవరు? డైటీషియన్ ఆసుపత్రిలో ఉంటారా, ఫోటో మాత్రమే ఉందా? ఆపరేషన్‌కు ముందు రెండు వారాల డైటు ఇస్తారా? అది కాలేయంలో కొవ్వు తగ్గించడానికి. జీర్ణాశయం మీద కాలేయం కప్పుకుని ఉంటుంది, అది కుంచించుకోకపోతే మాకు లోపల చోటుండదు. గాల్‌బ్లాడర్‌లో రాళ్లు రాకుండా ఆరునెలల బిళ్లలు రాస్తారా? ఇవి అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర కట్టకండి.

ప్రశ్న: మా కోడలికి నాలుగు నెలల కిందట ఈ ఆపరేషనైంది. ఇంటిల్లిపాదికీ వడ్డించి, తను నాలుగు ముద్దలు తిని లేచిపోతుంది. నీళ్లిస్తే వద్దంటుంది. చూడలేకపోతున్నాను. కొత్తావకాయ పెట్టాం, అడుగుతోంది. వేయనా వద్దా? — ఒక అత్తగారు, అమలాపురం

జవాబు: మీ ఉత్తరం మా వార్డులో అందరికీ చదివి వినిపించానండీ.

ఆ నాలుగు ముద్దలే ఆమెకు విస్తరి భోజనం. ‘ఇంకొక్క ముద్ద’ అన్న మాట మన ప్రేమే, ఒప్పుకుంటాను. ఆ ఒక్క ముద్దకే ఆమె బాత్రూమ్‌కు పరుగెత్తాల్సి వస్తుంది. నీళ్లు భోజనంతో కలిపి తాగకూడదు, తిన్న అరగంటకు గుటక గుటకగా తాగాలి. చెంబెత్తి గటగటా తాగే రోజులు పోయాయి.

మీరు చేయగలిగింది ఒకటుంది. మన భోజనం వరస తిప్పేయండి. పప్పుతో మొదలై, కూర, పచ్చడి, చారు దాటి పెరుగు దగ్గరికొచ్చేసరికి ఆమె గ్లాసు ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీను అందాలి, మన వరసలో అన్నమే ముందు చోటు ఆక్రమిస్తుంది. కాబట్టి ముందు గుడ్డో, చేపముక్కో, గట్టిపప్పో, గట్టి పెరుగో. తర్వాత కూర. చోటు మిగిలితే అన్నం. ఇది మా అమ్మకు చెబితే ‘పెరుగుతో మొదలెట్టడమేమిటే, అప్రాచ్యపు తిండి’ అంది. ఆవిడ మాట ఆవిడది. ఇంకొకటి, మనం అన్నం నమలం, చారులో కలిపి జారవిడుస్తాం. అన్నం ఉండకట్టి ఆ సన్నటి గొట్టంలో అడ్డుపడుతుంది. చిన్న చెంచా ఇవ్వండి, పళ్లెం బదులు పిల్లల గిన్నె ఇవ్వండి. ఇరవై నిమిషాలు తిననివ్వండి. పక్కన మీరు కూర్చుంటే ఇంకా మంచిది.

ఆవకాయ వేయండి. నాలుగో నెల కదా, మంట లేకపోతే అభ్యంతరం లేదు. గుజ్జు మాత్రం పప్పులో కలిపేంత చాలు, నూనె పైపైన వంచేసి. ముక్క అయితే బాగా నమిలి రసం మింగి, టెంక, పీచు తీసి పక్కన పెట్టేయమనండి.